పాటను రాసుకున్నవాళ్లు, పాటను మోసినవాళ్లు

జానపద సంగీతం చదవడానికి ఐర్లాండ్ వెళ్తున్నామని చెప్పినప్పుడు మా ఊళ్లలో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: పాటలు మనకేమైనా కరువా? మా ఇద్దరిలో ఒకరిది భద్రాచలం ఏజెన్సీలో కోయ గూడెం, ఇంకొకరిది ఆదిలాబాద్ వైపు గోండు గూడెం. పాటలకు మాకు కరువేమీ లేదు. కానీ మన పాటనే పట్టుకుని పెద్ద చదువు చదువుకునే దారి మాకు దగ్గర్లో కనిపించలేదు. ఐర్లాండ్‌లో ఆ దారి ఉంది. అది ఎలా పడింది, ఎవరు వేశారు, ఆ దారిలో ఎవరికి చోటు దొరికింది, ఎవరిని పక్కకు నెట్టారు అన్నది అక్కడ ఏడాది చదువులో కొంత తెలుసుకున్నాం. ఆ చరిత్ర మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందనిపించి ఈ సంచికకు రాస్తున్నాం.

తెల్లవాళ్ల దేశంతో మనకు పోలికేమిటని అనుకోవద్దు. వాళ్లనూ ఇంగ్లండ్ వందల ఏళ్లు పాలించింది. భూములు పరాయి భూస్వాముల చేతికి పోయాయి. వాళ్ల సొంత భాష ఐరిష్‌కు కచేరీలోనూ బడిలోనూ విలువ లేకుండా పోయింది. భూమి పోతే దాని వెనకే భాష ఎలా పోతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో అక్కడ గొప్ప వాద్యం హార్ప్. భుజానికి ఆనించుకుని రెండు చేతులతో మీటే తీగల వాద్యం అది. ఒకప్పుడు ఐరిష్ దొరల కోటల్లో హార్ప్ వాయించేవాళ్లకు మంచి గౌరవం ఉండేది. ఆ దొరలు ఓడిపోయాక వాద్యకారులు ఊరూరా తిరిగి, దయగల ఇంట్లో నాలుగు రోజులుండి, వాయించి పొట్టపోసుకునే స్థితికి వచ్చారు. వాళ్లలో చాలామందికి చూపు లేదు. కళ్లు పోయిన పిల్లవాడికి బతుకుదెరువుగా హార్ప్ నేర్పించడం అక్కడి ఆనవాయితీ. వాళ్లలో అందరికంటే పేరు పొందిన టర్లో ఓ కారొలన్‌కు (1670–1738) మశూచి వచ్చి చూపు పోయింది.

1792 జూలైలో బెల్‌ఫాస్ట్ పట్టణ పెద్దలు కొందరు హార్ప్ కళాకారులందరినీ ఒకచోటికి పిలిచారు. దేశం మొత్తం మీద వచ్చిన ఐరిష్ వాద్యకారులు పదిమంది. వేల్స్ నుంచి ఇంకొకరు వచ్చారు. పదిమందిలో రోజ్ మూనీ ఒక్కతే స్త్రీ. డెనిస్ హెంప్సన్ అనే ముసలాయన వయసు 97 అని చెప్పుకున్నారు. పొడుగ్గా పెంచిన గోళ్లతో ఇత్తడి తీగల్ని మీటే పాత పద్ధతి అప్పటికి ఆయన ఒక్కడి దగ్గరే మిగిలింది.

వాళ్లు వాయించింది రాయడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే 19 ఏళ్ల కుర్రవాణ్ణి కుదిర్చారు. చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. విన్నది విన్నట్టు రాయి, ఒక్క స్వరం కూడా నీ సొంతం కలపొద్దు అన్నారు. కానీ ఆ బాణీలు పుస్తకాలుగా వచ్చేసరికి పట్నం ఇళ్లలో పియానో మీద వాయించుకోవడానికి వీలుగా మారిపోయాయి. పాటల మాటలు సేకరించడానికి 1802లో పాట్రిక్ లించ్ అనే ఐరిష్ పండితుణ్ణి పశ్చిమ పల్లెలకు పంపాడు బంటింగ్. లించ్ కాలినడకన తిరిగి ఎన్నో పాటలు తెచ్చాడు. 1809లో వచ్చిన సంపుటిలో ఆ ఐరిష్ మాటలు లేవు. వాటి స్థానంలో ఇంగ్లీషు పద్యాలు పెట్టారు. బాణీ కావాలి, భాష మాత్రం అక్కర్లేదన్నట్టు.

బంటింగ్‌ను తిట్టడం మా ఉద్దేశం కాదు. బెల్‌ఫాస్ట్ సభ అయిపోయాక కూడా అతను హెంప్సన్ ఊరికి వెళ్లి, ఆయన దగ్గర కూర్చుని రాసుకున్నాడు. ఆ పని జరగకపోతే ఆ గోళ్ల వాయిద్యం గురించి ఈ రోజు ఎవరికీ తెలిసేది కాదు. లించ్ తెచ్చిన కాగితాలు కూడా పోలేదు, బంటింగ్ రాతప్రతులతో పాటు ఇప్పుడు బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కానీ రాసుకోవడం వేరు, పాటను బతికించడం వేరు. ఐర్లాండ్ ఆ సంగతి తెలుసుకోవడానికి ఇంకో నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది.

ఇక్కడ చిన్న పక్కదారి. మన దేశ భాషల సర్వే చేసిన జార్జ్ గ్రియర్సన్ ఐర్లాండ్‌వాడే. 1851లో డబ్లిన్ దగ్గర పుట్టాడు, డబ్లిన్‌లోనే చదివాడు. ఆ సర్వేలో ముండా, ద్రావిడ భాషల సంపుటి 1906లో వచ్చింది. గోండీ భాష నమూనాలు అందులో ఉన్నాయి. సొంత దేశంలో సొంత భాష చిక్కిపోతున్న కాలంలో అక్కడి మనిషి వచ్చి మన భాషలకు లెక్కలు రాశాడు. ఆ నమూనాల కోసం నోరు విప్పిన మన పెద్దలు ఎవరో తెలుసుకోవాలని మాకు ఆశ.

1845లో ఐర్లాండ్‌లో బంగాళదుంప పంటకు తెగులు పట్టింది. పేదలకు అదే తిండి. 1852 దాకా సాగిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం వదిలారు. 1841 జనగణనలో 80 లక్షలు దాటిన జనం 1851కి 65 లక్షలకు పడిపోయారు. ఆ దీవి జనాభా ఇప్పటికీ పాత సంఖ్యను మళ్లీ అందుకోలేదు. కరువు అందరికంటే ఎక్కువగా మింగింది ఐరిష్ మాట్లాడే పేద పల్లెల్ని. జార్జ్ పెట్రీ అనే సేకర్త 1855లో తన పాటల సంపుటికి రాసిన ముందుమాటలో, కరువు తర్వాత పల్లెల్లో కమ్ముకున్న మౌనం గురించి చెప్పాడు. పొలంలో పాట లేదు, దారిలో పాట లేదు. పాడేవాళ్లు పోయారు, మిగిలినవాళ్లకు పాడబుద్ధి కాలేదు.

ఓడలెక్కినవాళ్లతో పాటు పాట కూడా అమెరికా చేరింది. కరువు మధ్యలో, 1848లో కార్క్ కౌంటీలో పుట్టిన ఫ్రాన్సిస్ ఓ'నీల్ కుర్రతనంలోనే ఓడల్లో పనికి వెళ్లి, చివరికి షికాగో పోలీసుశాఖలో చేరాడు. 1901 నుంచి 1905 దాకా ఆ శాఖకు అధిపతి. చిన్నప్పుడు విన్న బాణీలు ఆయనకు నోటికి వచ్చు, స్వరలిపిలో రాయడం రాదు. అదే శాఖలో పనిచేసే జేమ్స్ ఓ'నీల్‌కు రాయడం వచ్చు. ఈయన పాడితే ఆయన రాసేవాడు. అలా 1903లో 1850 బాణీలతో ఒక పుస్తకం, 1907లో 1001 నాట్య బాణీలతో ఇంకో పుస్తకం వచ్చాయి. ఇక్కడ రాసినవాడూ లోపలివాడే, పాడినవాడూ లోపలివాడే. అందుకే ఆ రెండో పుస్తకాన్ని వాద్యకారులు తమదిగా చేసుకున్నారు. 'పుస్తకం' అంటే చాలు, అదేనని అర్థమయ్యేది.

1922లో ఐర్లాండ్‌లో ఎక్కువ భాగానికి సొంత ప్రభుత్వం వచ్చింది. పాటకు మంచిరోజులు వచ్చాయనే ఎవరైనా అనుకుంటారు. 1935లో ఆ ప్రభుత్వం రెండు పనులు చేసింది. జానపద సంపదను సేకరించడానికి ఐరిష్ జానపద కమిషన్ పెట్టింది. అదే ఏడాది బహిరంగ నాట్యశాలల చట్టమూ తెచ్చింది. నలుగురు చేరి నాట్యం చేసే చోటుకి కోర్టు లైసెన్సు ఉండాలని ఆ చట్టం. పేరుకు అది బహిరంగ స్థలాలకే. కానీ మతగురువులు, పోలీసులు దాన్ని పట్టుకుని ఇళ్ల వంటగదుల్లోనూ నాలుగు రోడ్ల కూడలిలోనూ సాగే ఆటపాటల మీద కూడా పడ్డారు. ఒక చేత్తో పాటను కాగితం మీదికి ఎక్కిస్తూ, రెండో చేత్తో ఆ పాట పుట్టే వంటగదికి తాళం వేశారు. తరగతిలో ఈ రెండు సంగతులూ ఒకే వారంలో చదివినప్పుడు మాకు చాలాసేపు మాట రాలేదు. మనదగ్గర కూడా వేదిక మీద గుస్సాడీకి చప్పట్లు కొట్టేవాళ్లే గూడెంలో రాత్రంతా డోలు మోగితే విసుక్కుంటారు.

ఆ కమిషన్‌లో మంచి మనుషులు లేరని కాదు. షేమస్ ఎన్నిస్ 1942లో 23 ఏళ్ల వయసులో అందులో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధకాలం, పెట్రోలు లేదు. సైకిలు, కలం, స్వరలిపి కాగితాలు, ఇవే ఆయన సామాను. పశ్చిమాన కనెమారా పల్లెల్లో వాళ్ల భాషే మాట్లాడుతూ, వాళ్లతో పాటు గడ్డి కోతకు దిగుతూ పాటలు రాసుకున్నాడు. పాటకుడి పని ఆగితే పాట రాదని ఆయనకు తెలుసు. గ్లిన్స్క్ ఊళ్లో కోలమ్ ఓ కీన్ అనే ఒక్క మనిషి దగ్గరే రెండు వందలకు పైగా పాటలు దొరికాయి. ఎన్నిస్ స్వయంగా గొప్ప వాద్యకారుడు. తీసుకున్న పాటకు బదులు ఒక బాణీ వాయించి ఇచ్చి వచ్చేవాడు.

కమిషన్‌లోని మిగతా సేకర్తలకు మైనపు గొట్టాల మీద గొంతు ముద్రించే యంత్రం ఉండేది. గొట్టాలు ఖరీదు, డబ్బు తక్కువ. అందుకని గొట్టంలోని మాటల్ని కాగితం మీద రాసుకున్నాక, మైనాన్ని చెక్కి నున్నగా చేసి మళ్లీ వాడేవాళ్లు. కాగితం మీద మాటలు మిగిలాయి, అసలు గొంతులు పొట్టుగా రాలిపోయాయి. ఒకటి నింపడానికి ఇంకొకటి తుడిచేయడం ఇప్పటి ఫోన్లలోనూ జరుగుతోంది. జాగా నిండిందని అవ్వ పాట తీసేసి పెళ్లి వీడియో ఎక్కించినవాళ్లు మనలోనూ ఉన్నారు.

ఇప్పటిదాకా రాసుకున్నవాళ్ల కథ. మోసినవాళ్లలో ఒక జాతి గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

ఐర్లాండ్‌లో ట్రావెలర్లు అనే సంచారజాతి ఉంది. గుర్రపు బండ్లలో కుటుంబాలతో తిరుగుతూ, తగరం పాత్రలు చేస్తూ, మాట్లు వేస్తూ, గుర్రాలు అమ్ముతూ బతికేవాళ్లు. వాళ్ల మాట వేరు, ఆచారాలు వేరు. ఊరివాళ్లకు వాళ్ల పని కావాలి, వాళ్ల పాట కావాలి, వాళ్లు మాత్రం ఊరి బయటే ఉండాలి. ఊరూరా తిరిగేవాళ్లు కాబట్టి ఒక కౌంటీ పాట ఇంకో కౌంటీకి చేరింది చాలావరకు వాళ్లతోనే.

వాళ్లలో జానీ డోరన్ పేరు సంగీతం తెలిసిన ప్రతి ఐరిష్ మనిషికీ తెలుసు. ఇలన్ పైప్స్ వాయించేవాడు. ఆ భాషలో ఆ పేరుకు అర్థం మోచేతి వాద్యం. కుడి మోచేతి కింద చిన్న కొలిమితిత్తి లాంటిది, ఎడమ మోచేతి కింద గాలి సంచి. నోటితో ఊదే పని లేదు. నేర్చుకోవడానికి ఏడేళ్లు, సాధనకు ఏడేళ్లు, వాయించడానికి ఇంకో ఏడేళ్లు పడుతుందని అక్కడ నానుడి. డోరన్ సంతల్లో, గుర్రప్పందేల దగ్గర నిలబడి వాయించేవాడు. 1936లో క్లేర్ కౌంటీలో మిల్‌టౌన్ మల్‌బే ఊరి పందేల దగ్గర విల్లీ క్లాన్సీ అనే కుర్రవాడు ఆ వాద్యం విని, దాని వెంట పడ్డాడు.

1947లో జానపద కమిషన్ డోరన్ వాద్యాన్ని కొన్ని పళ్లేల మీద రికార్డు చేసింది. మరుసటి ఏడాది జనవరిలో డబ్లిన్‌లో పెనుగాలికి ఒక గోడ కూలి ఆయన కుటుంబం ఉంటున్న బండి మీద పడింది. ఆయన మళ్లీ లేచి తిరగలేదు, 1950లో చనిపోయాడు. ఆయన మనకు మిగిలింది ఆ కాసిని పళ్లేలే. బండి నిలిపే చోటు భద్రంగా ఉండి ఉంటే ఇంకెంత సంగీతం మిగిలేదో అని అక్కడ ఎవరూ పైకి అనరు, మేం అంటాం.

జాన్ రైలీ కథ ఇంకా బాధగా ఉంటుంది. ఈయన కూడా ట్రావెలరే. చదువు లేదు. రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ ఊళ్లో బతికేవాడు. టామ్ మనెల్లీ అనే సేకర్త 1960లలో ఆయన్ని కలిసి, ఎక్కడా వినబడని పాత కథాగేయాలు ఆయన నోట విని రికార్డు చేశాడు. రైలీ 1969లో పేదరికంలోనే చనిపోయాడు. 1973లో ప్లాంక్స్టీ అనే ప్రసిద్ధ బృందం ఆయన దగ్గర దొరికిన పాటల్లో ఒకదాన్ని పాడి, ఆ పాట పేరే తమ ఆల్బమ్‌కు పెట్టుకుంది. ఆ ఆల్బమ్ దేశమంతా మోగింది. బృందంలోని క్రిస్టీ మూర్ ఆ పాటలు ఎవరివో దాచలేదు, రైలీ పేరు చెప్పుకుంటూనే వచ్చాడు. పేరు చెప్పడం గొప్పే. కానీ ఆ పేరు మారుమోగేనాటికి మనిషి లేడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1963లో ప్రభుత్వం ట్రావెలర్ల మీద ఒక నివేదిక తెచ్చింది. దాన్ని తయారుచేసిన కమిషన్‌లో ఒక్క ట్రావెలర్ కూడా లేడు. ఆ నివేదిక దృష్టిలో సంచారం ఒక సమస్య, అందరిలో కలిపేయడమే దానికి పరిష్కారం. వాళ్లను ప్రత్యేక జాతిగా ఐర్లాండ్ ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది 2017 మార్చి 1న. అదే ఏడాది ఇలన్ పైప్స్ వాద్యం యునెస్కో మానవ సంస్కృతి జాబితాలోకి ఎక్కింది. వాద్యానికీ దాన్ని బండి మీద మోసుకు తిరిగిన జాతికీ ఒకే ఏడాది గుర్తింపు వచ్చిందన్నమాట. వాద్యానికి వచ్చినన్ని చప్పట్లు జాతికి రాలేదని మా అభిప్రాయం.

మరి ఆ సంగీతం బతికింది ఎలా? 1951లో ముల్లింగర్ పట్టణంలో వాద్యకారులే ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా పోటీలు, పండుగ మొదలయ్యాయి. 1968లో పైప్స్ వాద్యకారులు తమ సొంత సంఘం పెట్టుకునేనాటికి దేశంలో ఆ వాద్యం వచ్చినవాళ్లు వంద మంది కూడా లేరు. ఇప్పుడు ప్రపంచమంతటా వేలల్లో ఉన్నారు. ఆ సంఘం చేసిన పని మాటల్లో చెబితే చాలా చిన్నది. వచ్చినవాడు రానివాడికి నేర్పాలి, వాద్యం తయారుచేసే పని కూడా నేర్పాలి.

డోరన్ వెంట పడిన ఆ కుర్రవాడు విల్లీ క్లాన్సీ పెద్ద వాద్యకారుడై 1973 జనవరిలో చనిపోయాడు. ఆ వేసవిలోనే స్నేహితులు ఆయన పేరు మీద మిల్‌టౌన్ మల్‌బేలో వేసవి బడి పెట్టారు. ఇప్పటికీ ఏటా జూలైలో జరుగుతుంది. పొద్దున తరగతులు, మధ్యాహ్నం ఉపన్యాసాలు, రాత్రి ఆటపాటలు. ఊరి బడి చాలక జనం తమ ఇళ్ల గదులు కూడా తరగతులకు ఇస్తారు. ఎనిమిదేళ్ల పిల్లా అరవై ఏళ్ల తాతా ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే బాణీ నేర్చుకుంటారు. ఊరు ఊరంతా బడి అవుతుంది.

విశ్వవిద్యాలయానికి ఈ చదువు వచ్చింది అందరికంటే ఆఖరున. మీహాల్ ఓ సూలవోన్ అనే పియానో విద్వాంసుడు మొదట కార్క్ విశ్వవిద్యాలయంలో సంప్రదాయ వాద్యకారులకు తలుపు తీశాడు. స్వరలిపి రాకపోయినా, చెవితో నేర్చినవాడు కూడా సంగీత విద్యార్థే అని పట్టుబట్టాడు. 1994లో లిమరిక్ వెళ్లి ఐరిష్ వరల్డ్ అకాడమీ స్థాపించాడు. షానన్ నది ఉత్తర గట్టున ఉంటుంది. మేం చదివింది అక్కడే.

అక్కడి తరగతి మాకు కొత్తగా అనిపించలేదు, అదే వింత. గురువు ఒక చిన్న ముక్క వాయిస్తారు, అందరం తిరిగి వాయిస్తాం. మళ్లీ వాయిస్తారు. కాగితం ఉండదు. బాణీ మొత్తం చేతికి వచ్చాకే కావాలంటే రాసుకోవచ్చు. మన డోలు నేర్పే పద్ధతి కూడా ఇదే కదా. మేకతోలుతో బిగించిన బౌరాన్ అనే పలక వాద్యాన్ని వాన రోజుల్లో ఆరబెట్టి బిగువు చూసుకోవడం మాకు ఎవరూ నేర్పాల్సిన పని రాలేదు.

సాయంత్రాలు వాద్యకారులు గుండ్రంగా కూర్చుని వాయించుకుంటారు. వేదిక ఉండదు. బాణీ తెలిస్తే కలవాలి, తెలియకపోతే వింటూ కూర్చోవాలి. షాన్-నోస్ అనే పాత పద్ధతి పాటకు ఏ వాద్యమూ తోడు ఉండదు. పాడేవాళ్లు తడబడకుండా పక్కనున్నవాళ్లు చేయి పట్టుకుని పాటతో పాటు మెల్లగా తిప్పుతూ ఉంటారు. ఐరిష్ ముక్క అర్థం కాకపోయినా అది చూస్తే గొంతు పట్టేసింది.

అన్నిటికంటే మేం గట్టిగా పట్టుకొచ్చింది ఒక అలవాటు. అక్కడ మంచి వాద్యకారుడు బాణీ మొదలుపెట్టే ముందో అయిపోయాకో, ఇది ఫలానా ఊరి ఫలానా మనిషి దగ్గర నేర్చుకున్నానని చెప్తాడు. చాలా బాణీలకు పేరే ఆ మనిషి పేరు. పాటతో పాటు మనిషి కూడా నడుస్తూ ఉంటాడు. మనదగ్గర కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో, గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్లారు. వాళ్ల గురువుల పేర్లు మన పిల్లల్లో ఎంతమంది చెప్పగలరు? హైమెండార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి తీసిన ఫొటోలు, చిత్రాలు లండన్‌లో భద్రంగానే ఉన్నాయి. మన జాతర పాటలు డీజే మిక్సుల్లో ఊరేగుతున్నాయి. వాటి కింద పాడిన అవ్వ పేరు ఉండదు, మిక్సు చేసిన కుర్రవాడి ఫోన్ నంబరు ఉంటుంది.

ఐర్లాండ్ జానపద కమిషన్ చేసిన పనుల్లో మాకు బాగా నచ్చింది పెద్ద సేకర్తలది కాదు, బడిపిల్లలది. 1937 నుంచి 1939 దాకా సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల్లో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఒక పని పెట్టారు. ఇంటికి వెళ్లి అవ్వనో తాతనో అడిగి, వైద్యాలు, కథలు, ఊరి పేర్లు, ఆటలు, సామెతలు నోటుబుక్కులో రాసుకు రావాలి. పిల్లలు లక్షల పేజీలు రాశారు. చాలా పేజీల్లో చెప్పినవాళ్ల పేరు, వయసు, ఊరు కూడా ఉంటాయి. ఇప్పుడవన్నీ డూఖస్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఊరి పేరు కొడితే ముత్తవ్వ చెప్పిన మాటలు ఆ ఊరి పిల్లో పిల్లవాడో రాసిన గుండ్రటి అక్షరాల్లో దొరుకుతాయి.

తిరిగి వచ్చాక మేం ఒక రూళ్ల నోటుబుక్కు కొని నాలుగు గళ్లు గీశాం. పాడినవారి పేరు, వయసు, గూడెం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. మొదటి పేజీ మా గూడెంలో ఒక అవ్వది. మొదటి మూడు గళ్లు నిమిషంలో నిండాయి. నాలుగోది అడిగితే ఆమె నవ్వి, తన పెద్దమ్మ పేరు చెప్పింది. ఆ పెద్దమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పింది, ఆమె ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చిందో చెప్పింది. గడి సరిపోక పేజీ వెనక్కి తిప్పాల్సి వచ్చింది.